మింగితే కొన్నట్టు

ఆమెకి పాదరసం అని పేరు పెట్టినవాళ్ళెవరో గానీ, తూచినట్టు పెట్టారు. అన్నం నిలబడి తింటుంది. జుట్టు తిరుగుతూ దువ్వుకుంటుంది. ఎవరింటికైనా వెళ్తే, కూర్చోమన్న పాపానికి ఆ కుర్చీ తుడిచి, సరిగ్గా జరిపి, మళ్ళీ నిలబడుతుంది. మొగుడు దర్జీ. పొద్దున మిషను ముందు కూర్చుంటే చీకటి పడ్డాకే లేస్తాడు. "కూర్చునే పని నాది, తిరిగే పని ఆవిడది, పెళ్ళినాడే పంచుకున్నాం," అని బట్టలు కుట్టించుకోడానికి వచ్చినవాళ్ళతో చెప్పి, వాళ్ళు నవ్వినా నవ్వకపోయినా తను నవ్వుకుంటాడు. కాళ్ళకి చక్రాలు కట్టుకు పుట్టిందని చుట్టుపక్కల అందరూ అనే మాట. ఇప్పుడు చెప్పేది ఆ చక్రాలు ఊడిన ఏడాది సంగతి.

ఆమె పని ఎండు మూలికల గిడ్డంగిలో. పొడుగాటి రేకుల షెడ్డు, వరసగా బస్తాలు, గాలినిండా పొడి. తుమ్మకుండా గుమ్మం దాటినవాడు లేడు. ఆ గిడ్డంగి బతికేదంతా అతిమధురం మీదే. పైన మట్టిరంగు తొక్క, విరిస్తే లోపల పసుపుపచ్చటి పీచు. చూడ్డానికి పొయ్యిలోకి తప్ప ఎందుకూ పనికిరాని పుల్ల. నోట్లో పెట్టుకుంటే గానీ దాని గొప్ప తెలియదు. గొంతు గరగరకి, పొడిదగ్గుకి, కడుపు మంటకి అది చేసే మేలు తాతల నాటినుంచీ తెలిసిందే. మందుల కంపెనీలకి ఇక్కణ్ణించే వెళ్తుంది. రైతులు తవ్వి, ఎండబెట్టి, బస్తాల్లో తెస్తారు. ఆ బస్తా మంచిదో కాదో చెప్పే నాలిక పాదరసానిది.

ఈ సరుకులో దొంగ సరుకుంటుంది. సారం పోయిన పాతవేర్లని పంచదార నీళ్ళలో నానబెట్టి, ఎండబెట్టి తెచ్చే ఘనులుంటారు. పంచదార తీపి నాలిక చివర తగిలీ తగలగానే గొప్పలు చెప్పుకుని, అంతలోనే మాయమవుతుంది. అతిమధురం తీపి అలా కాదు. మొదట కర్ర నమిలినట్టే ఉంటుంది. కాసేపటికి ఎక్కడో దవడ పక్కన మొదలై, గొంతుదాకా పాకి, ఇక పొమ్మన్నా పోదు. ఆ కాసేపూ ఆగాలి. ఆగడం ఆమె జాతకంలో లేదు కాబట్టి, ముక్క విరిచి నోట్లో వేసుకుని షెడ్డు చుట్టూ ఒక చుట్టు తిరిగొచ్చేది. వచ్చేసరికి తీపి తేలేది. అప్పుడు రైతు ఎదురుగా నిలబడి మింగేది. మింగితే కొన్నట్టు. పక్కకి తిరిగి ఉమ్మితే బస్తాలు మళ్ళీ బండి ఎక్కాల్సిందే. మాటల్లేవు, బతిమాలుకోవడాల్లేవు. షావుకారంతటివాడు కూడా తన గదిలోంచి ఆమె గొంతు వైపే చూసేవాడు.

షెడ్డు చివర గాజుగది ఒకటుంది. అందులో ల్యాబ్ అమ్మాయి వేరుని పొడిచేసి, ద్రావకంలో కరిగించి, గ్లిసరైజిన్ అనే ఆ తీపి పదార్థం ఎంతుందో మిషను మీద తేలుస్తుంది. మిషను మాట కంపెనీలకి కావాలి. కానీ అది పెదవి విప్పేసరికి సాయంత్రం అవుతుంది. ఎక్కడెక్కడినుంచో వచ్చిన రైతు అందాకా ఆగడు. పైగా ఆ అమ్మాయి వేసిన అంకె, ఈవిడ మింగిన గుటక ఒకదాన్నొకటి తప్పిన రోజు దాదాపు లేదు. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి గౌరవం, ఒకరి పని ఇంకొకరు ఎప్పుడూ పరీక్షగా చూసింది లేదు.

ఈ మింగే పద్ధతి పెట్టింది పాదరసం తల్లి. ఆ షెడ్డులో ఆవిడే మొదటి నాలిక. రైతులు పెద్దమ్మ అనేవాళ్ళు. మంచి వేరుని ఉమ్మడం పండించినవాడి మొహాన ఉమ్మడమేనని ఆవిడ సిద్ధాంతం. కూతురికి పని నేర్పేటప్పుడు కూడా అదే పాఠం. "చేతకానివాళ్ళు ఉమ్ముతారే. తెలిసినవాళ్ళు మింగుతారు."

ఆ పెద్దమ్మ ఇప్పుడు మంచం మీద ఉంది. మొదట కాళ్ళు బరువెక్కాయన్నారు, తర్వాత మోకాళ్ళు మడతపడ్డాయి, తర్వాత ఒకరు పట్టుకుంటే గానీ లేవలేదు. వయసు అన్నారు. వయసే కాబోలనుకున్నారు. కూతురింట్లో, కుట్టుమిషను పక్కగదిలో కిటికీ దగ్గర మంచం వేశారు. పని మానేసినా నాలిక మానలేదు. వేరు రుచి లేకపోతే ఆవిడకి తెల్లవారదు. పాదరసం రోజూ సాయంత్రం ఆ రోజు వచ్చిన సరుకులో మేలైన ముక్కలు ఏరి, పని చొక్కా జేబులో వేసుకొచ్చి తల్లి చేతిలో పెట్టేది. ఆవిడ వాటిని మర్నాడు సాయంత్రందాకా నములుతూనే ఉండేది. "ఇది ఇసక నేలది," అనేది, "ఇది తొందరపడి తవ్వారు," అనేది. తల్లీకూతుళ్ళు మాట్లాడుకునేది ఆ కాసేపే. అప్పుడు కూడా కూతురు నిలబడే ఉండేది.

ఆ ఏడాది సరుకు విరగబడి వచ్చింది. గేటు బయట బళ్ళు బారులు తీరాయి. పాదరసం పొద్దున్నుంచీ నమలడం, తిరగడం, మింగడం. అలాంటి రోజుల్లో ఒక పొద్దున మెట్టు ఎక్కబోతే కాలు లేవలేదు. లేవకపోవడమంటే నొప్పి కాదు. చెప్పిన మాట కాలికి వినపడనట్టు. రెండోసారి చెబితే విన్నది. ఆమె చుట్టూ చూసింది. ఎవరూ చూడలేదు. గబగబా ఎక్కేసింది.

అక్కణ్ణించి ఆమెకి మనశ్శాంతి లేదు. పిక్కలు పట్టేసేవి. తల దిమ్మెక్కేది. గుండె ఉన్నట్టుండి ఒక దెబ్బ తప్పి, తర్వాతి దెబ్బ గట్టిగా వేసేది. ఏ బస్తా దగ్గర నిలబడ్డా చెయ్యి దానిమీద ఆనించుకునేది. కాళ్ళు బరువయ్యేకొద్దీ మనసు ఇంకా పరిగెత్తేది. కాలుగాలిన పిల్లి తిరగనైనా తిరుగుతుంది, ఈమెకి ఆ వీలూ లేకపోయింది. ఇంటికొస్తే మాత్రం తల్లి మంచం పక్కన ఖాళీగా ఉన్న గోడ వైపు చూడకుండా ఉండలేకపోయేది. అక్కడ ఇంకో మంచం పడుతుంది. ఆమె భయం అదొక్కటే. చావంటే కూడా అంత భయం లేదు ఆమెకి.

"నీరసంగా ఉన్నావేమే?" అంది తల్లి ఒక సాయంత్రం.

"ఏం లేదమ్మా, బళ్ళు ఎక్కువ."

"ఒక ముక్క ఎక్కువ నములు. సత్తువ వస్తుంది."

దర్జీ కూడా అత్తగారి మాట పట్టుకుని, పొద్దున్నే అదే వేరు దంచి నీళ్ళలో మరిగించి గ్లాసుతో ఇచ్చేవాడు. ప్రేమగానే ఇచ్చేవాడు. ఆమె నిలబడి తాగేది. కాళ్ళు ఇంకాస్త కుంగేవి.

చివరికి వీధి మొగలో డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఆయన బీపీ చూసి కళ్ళజోడు సర్దుకున్నాడు.

"ఏమైనా మందులు వాడుతున్నారా?"

"లేదండీ."

"చెట్ల మందులు, కషాయాలు?"

"దగ్గుకి కూడా మాత్ర వేసుకోనండీ నేను." గర్వంగా చెప్పింది. అబద్ధం అనుకుని చెప్పలేదు. రోజూ కూరలో వేసే ఉప్పుని ఎవరూ మందనరు కదా. మొగుడిచ్చే గ్లాసు కూడా ఆమె లెక్కలో ఇంటి నీళ్ళే.

"ఇంట్లో ఎవరికైనా ఇలా ఉందా?"

"మా అమ్మకి. మంచంలోనే ఉందండీ."

డాక్టరు తల ఊపాడు. వంశంలో ఉన్నట్టుందన్నాడు. బీపీ తగ్గడానికి, ఒంట్లో నీరు తీయడానికి మాత్రలు రాశాడు. వంశంలో ఉంది అన్న మాట పట్టుకుని ఆమె ఇంటికి నడిచింది. దారంతా తన అడుగులు తనే వింటూ నడిచింది. నీరు తీసే మాత్ర పడ్డాక మూత్రంతో పాటు ఉన్న కాస్త సత్తువా పోసాగింది. మూలిగే నక్క మీద తాటికాయ పడ్డమంటే అదే.

పడిపోయిన రోజున ఎండగా ఉంది. మంచి వేరు తెచ్చిన రైతే. ముక్క నోట్లో వేసుకుని చుట్టు మొదలెట్టింది. సగం తిరిగేసరికి మోకాళ్ళు రెండూ ఒకేసారి వదిలేశాయి. బస్తాల మధ్య చతికిలబడిపోయింది. లేవమని కాళ్ళకి చెప్పింది, తిట్టింది, చేత్తో కొట్టింది. కాళ్ళు కాళ్ళలాగే ఉన్నాయి, ఆమెవి కావు. చుట్టు పూర్తికాలేదేమా అని వెతుక్కుంటూ వచ్చిన రైతు ఆమెని చూసి నిలబడిపోయాడు. ఏమనాలో తెలియక, పాపం, తెలిసిన మాటే అన్నాడు.

"మింగారామ్మా?"

ఆమె అతని మొహం చూసి మింగింది. మంచి వేరు మరి.

ఆసుపత్రికి ల్యాబ్ అమ్మాయే తీసుకెళ్ళింది. రక్తం తీశారు. పొటాషియం పాతాళంలో ఉందన్నారు. అక్కడి డాక్టరమ్మకి అంతుపట్టలేదు. వాంతులా? లేవు. విరేచనాలా? లేవు. ఆ నీటిమాత్ర వల్ల కొంత తగ్గినా, ఇంత తగ్గదే. చేతికి సూది గుచ్చి సీసా వేలాడదీశారు. పాదరసం మంచం మీద పడుకుని కూడా కుదురుగా లేదు. వేళ్ళతో దుప్పటి పీకుతోంది, పళ్ళ సందున నాలికతో ఏదో వెతుకుతోంది.

"నోట్లో ఏంటక్కా అది?" అంది ల్యాబ్ అమ్మాయి.

"పీచు. పొద్దుటిది."

"ఇంకా ఉమ్మలేదా?"

"మంచి వేరు ఎందుకు ఉమ్ముతాను? మింగేశాను."

"రైతు ముందు మింగినట్టు చేస్తారు, తెలుసు. తర్వాత వెనక్కి వెళ్ళి ఉమ్మేస్తారు కదా?"

పాదరసం ఆ పిల్ల వైపు వింతగా చూసింది. "మింగినట్టు చేస్తే అది కొన్నట్టు ఎలా అవుతుందే?"

ఆ అమ్మాయి మొహంలో రంగు పోయింది. రోజూ ఆ గ్లిసరైజిన్‌నే కొలిచే పిల్ల. ఆ సరుకంతా ఎవరి కడుపులోకి పోతోందో ఒక్కనాడూ అనుకోలేదు. లేచి వెళ్ళి డాక్టరమ్మని పిలుచుకొచ్చింది. ఇద్దరూ కాసేపు గబగబా మాట్లాడుకున్నారు. తర్వాత ఆ అమ్మాయి మంచం అంచున కూర్చుని చెప్పింది.

"మన ఒంట్లో కార్టిసాల్ అని ఒకటి ఊరుతుందక్కా. మూత్రపిండాల దగ్గర ఒక ఎంజైము కాపలా ఉండి, దాన్ని పట్టుకుని కోరలు పీకి పంపిస్తుంది. మన వేరులో తీపి కడుపులోకి వెళ్ళాక రూపు మారి, ఆ కాపలాదారు చేతులు కట్టేస్తుంది. ఇక కార్టిసాల్‌కి అడ్డు లేదు. ఉప్పునీ నీటినీ ఒంట్లో ఆపేయిస్తుంది, పొటాషియాన్ని బయటికి తోసేయిస్తుంది. ఉప్పు నిలిస్తే బీపీ. పొటాషియం పోతే కండల్లో సత్తువ పోతుంది. గుండె కూడా కండే."

"దగ్గుకి అందరూ వాడతారుగా?"

"నాలుగు రోజులు కొద్దిగా చప్పరిస్తే మేలే. మీరు ఏళ్ళ తరబడి, రోజూ, బస్తాకో ముక్క..."

డాక్టరమ్మ అందుకుంది. "మొదట చూసిన డాక్టరు అడిగితే మందులేవీ లేవన్నారట?"

"అది మందు కాదండీ," అంది పాదరసం. "పని."

మానేస్తే కాళ్ళు వస్తాయా అని అడిగింది. వస్తాయి, కొన్ని వారాలు పట్టచ్చు అన్నారు. వంశంలో ఉన్నది కాదా అని అడిగింది. కాదు అన్నారు. ఆమె గుండెలమీద బండరాయి దిగినట్టయింది. ఒక్క క్షణమే. మరుక్షణం సూది ఉన్న చెయ్యి ఊపుకుంటూ లేవబోయింది.

"ఎక్కడికక్కా?"

"అమ్మ."

కాళ్ళు రాలేదు. పడుకోబెట్టారు. వంశంలో లేనప్పుడు తల్లికెలా వచ్చింది? వేరు నుంచే. పని మానేశాక ఎందుకు పోలేదు? రోజూ సాయంత్రం ఎవరు తెచ్చి పెట్టారు? కిటికీలో వెలుతురు పల్చబడుతోంది, ముక్క చేతిలో పెట్టే వేళ అవుతోంది. ఆమె తలుపు వైపు చూస్తూ పడుకుంది. అంత నరకం ఆమె ఎన్నడూ ఎరగదు. దర్జీ దుకాణం కట్టేసి రొప్పుతూ వచ్చేసరికి చీకటి పడింది.

"అమ్మకి ముక్క ఇచ్చారా?"

"నువ్వు లేవని నేను మర్చిపోతాననుకున్నావా?" అన్నాడు అతను, ఆమెకి ధైర్యం చెబుతున్నాననుకుని. "దిగులుగా ఉందని ఎక్కువే ఇచ్చాను."

పాదరసం మొహం గోడకి తిప్పుకుని ఏడ్చింది.

తల్లికి రక్తపరీక్ష చేయిస్తే అదే లెక్క. కాస్త నడవగలిగి ఇంటికొచ్చాక పాదరసం మంచం పక్కన నిలబడి అంతా చెప్పింది. ల్యాబ్ అమ్మాయి చెప్పిన మాటలు చాలావరకు తప్పుల్లేకుండానే చెప్పింది. ముసలామె వింటూ చెయ్యి చాపే ఉంచింది. ఆ వేళకి ఆ చెయ్యి అలవాటుగా చాచుకుంటుంది.

"నా కాళ్ళని నా నోరే తిందంటావు."

"నేనే తెచ్చి పెట్టానమ్మా."

"మింగమని నీకు చెప్పిందెవరు?"

ముసలామె చెయ్యి వెనక్కి తీసుకుని దుప్పటి కింద పెట్టుకుంది.

మానడం అనుకున్నంత తేలిక కాలేదు. పెద్దమ్మ నోరు మంచిది కాదు. వేరు లేని నోరు అసలే మంచిది కాదు. అల్లుణ్ణి తిట్టింది, కిటికీని తిట్టింది, పొటాషియం మందుని దాని వంశంతో సహా తిట్టింది. ఒకరోజు తలగడ కింద పాత ముక్క దొరికితే నమలబోయింది. పాదరసం దవడ పట్టుకుని వేలు పెట్టి బయటికి లాగింది. తల్లి వేలు కొరికింది. రోజులు వారాలయ్యాయి, వారాలు నెలలయ్యాయి. కూతురి కాళ్ళు ముందు తిరిగొచ్చాయి, మెట్లు ఎక్కింది, దిగింది, పనిలేకపోయినా మళ్ళీ ఎక్కింది. తల్లి మోకాలు మాత్రం చాలా రోజులకి గానీ దానంతట అది కదల్లేదు. ఇన్నేళ్ళు పడుకున్న కండ పూర్తిగా రాకపోవచ్చు, ఆశ పెట్టుకోవద్దు అంది డాక్టరమ్మ. పాదరసం ఆశ పెట్టుకుంది. పొద్దున, సాయంత్రం తల్లిని కిటికీ ఊచలు పట్టించి నిలబెట్టేది.

పనిలోకి వెళ్ళాక అసలు చిక్కు వచ్చిపడింది. నమలాలి, మింగకూడదు. మొదటి రైతుతో ముందే చెప్పింది, "ఉమ్ముతాను గానీ సరుకు మంచిదే అనుకోండి," అని. అతను సరేనన్నాడు. ఆమె ఉమ్మింది. అతను మాటకి సరేనన్నాడు గానీ ఆ చప్పుడుకి కాదు. మొహం జేవురించింది, నలుగురిలో పరువు తీశావని బస్తాలన్నీ మళ్ళీ ఎక్కించుకుని పోయాడు. బయట బారులో ఉన్నవాళ్ళంతా చూశారు. రెండోవాడి దగ్గర ఆమెకి ధైర్యం చాలలేదు. మింగేసింది. మూడోవాడి దగ్గరా మింగింది. ఆ సాయంత్రం మెట్టు దగ్గర కాలు బరువెక్కిందో, భయమే బరువెక్కిందో తెలియలేదు. ఇంట్లో గుమ్మం నుంచి మిషను దాకా, మిషను నుంచి గుమ్మం దాకా తిరుగుతూనే ఉంది.

"మళ్ళీ మింగావు," అంది తల్లి లోపలినుంచి. వాసన పట్టేసింది.

"ఉమ్మితే బళ్ళు పోతున్నాయమ్మా."

"రేపు నన్ను తీసుకెళ్ళు."

ఆటోలోంచి దించి, ఒకపక్క కూతురు, ఒకపక్క అల్లుడు పట్టుకుంటే, పెద్దమ్మ షెడ్డు గుమ్మం దాటి తుమ్మింది. రైతులు లేచి నిలబడ్డారు. ముందున్న బస్తా దగ్గరికి అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్ళి, వేరు తీసి విరిచి, కూతురు వారిస్తున్నా వినకుండా నోట్లో పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది. షావుకారు గదిలోంచి బయటికొచ్చాడు. కర్ర నమిలినంత సేపూ నమిలింది. తర్వాత తీపి వచ్చింది. వచ్చిందని ఆవిడ మొహంలోనే అందరికీ తెలిసింది. ఇన్ని నెలల తర్వాత వచ్చిన తీపి. దవడ ఆగింది. మింగేస్తుంది, మొండిది, మింగేస్తుంది అనుకుంది పాదరసం.

పెద్దమ్మ పక్కకి తిరిగి ఉమ్మింది.

రైతు మొహం నల్లబడింది. వంగి బస్తా చెవులు పట్టుకున్నాడు. ఆవిడ అల్లుడి చెయ్యి విడిపించుకుని, కూతురి చెయ్యి కూడా విడిపించుకుని, ఆ బస్తా మీద అరచెయ్యి వేసి నొక్కింది.

"దించు నాయనా. మంచి వేరు."

అతను చూశాడు.

"ఇవాళ్టినుంచి చెయ్యి వేస్తే కొన్నట్టు. పద్ధతి పెట్టింది నేను, మార్చిందీ నేనే. ఎవరికైనా అభ్యంతరమా?"

ఎవరికీ లేదు. అతను బస్తా వదిలాడు. వెనకవాడు తన బస్తా మూతి విప్పాడు. పెద్దమ్మ ఇంకో ముక్క కోసం చెయ్యి చాపుతుంటే, ఆవిణ్ణి ఎవరూ పట్టుకుని లేరన్న సంగతి అప్పుడు పాదరసానికి తట్టింది. వెనక్కి రెండడుగులు వేసి బస్తా మీద కూర్చుండిపోయింది. కాళ్ళలో సత్తువ ఉండీ ఆమె కూర్చోవడం ఆ షెడ్డులో అదే మొదటిసారి.